పాత కన్సర్టీనా జాతకం: విప్పి చూసి, రాసిపెట్టి, యజమానుల దాకా వెళ్లడం ఎలా

లండన్‌లో 19వ శతాబ్దంలో తయారైన కన్సర్టీనాలు ఇప్పటికీ వాయించే స్థితిలో దొరుకుతున్నాయి. రెండు చేతుల మధ్య తిత్తిని సాగదీస్తూ, మూస్తూ, రెండు చివరల్లోని బటన్లు నొక్కి వాయించే ఈ చిన్న వాద్యం చేతికి రాగానే రెండు ప్రశ్నలు పుడతాయి: దీన్ని ఎవరు, ఎప్పుడు చేశారు? ఇది ఎవరెవరి చేతులు మారింది? రెండింటికీ చాలావరకు జవాబు దొరుకుతుంది. కాకపోతే పైనున్న లేబుల్ ఒకటి చెప్తుంది, లోపలి చెక్క ఒకటి చెప్తుంది, తయారీదారు లెక్కల పుస్తకం ఇంకొకటి చెప్తుంది. మూడూ ఒకే మాట మీద నిలబడినప్పుడే దాన్ని చరిత్ర అనుకోవాలి.

ఒక హెచ్చరిక మొదటే చెప్పాలి. మరమ్మతు చేయించాక జాతకం రాద్దామనుకుంటే సగం జాతకం చెత్తబుట్టలోకి పోతుంది. గాలి రంధ్రాలను మూసే పాత ప్యాడ్లు, చిరిగిన తోలు, పెన్సిలు గీతలు, రీడ్ల (గాలికి కంపించి స్వరం పలికే లోహపు నాలుకల) మీది ఆకురాయి గీతలు, ఇవన్నీ సాక్ష్యాలే. ముందు చూడాలి, ఫొటో తీయాలి, రాయాలి. మరమ్మతు సంగతి ఆ తర్వాతే.

ముందు రకం తేల్చండి

రకం తెలియకుండా నంబరుతో తేదీ కట్టలేం. ఎందుకో కింద తెలుస్తుంది.

ఒక్కో వైపు నాలుగు వరుసల బటన్లు, బొటనవేలికి తోలు పట్టీ, చిటికెన వేలికి చిన్న లోహపు ఆసరా ఉంటే అది ఇంగ్లీష్ కన్సర్టీనా. లండన్ శాస్త్రవేత్త, వాద్యాల తయారీదారు చార్లెస్ వీట్‌స్టన్ రూపకల్పన. 1829లో ఆయన సింఫోనియం అనే నోటితో ఊదే వాద్యానికి పేటెంట్ తీసుకున్నారు. దానిలోని బటన్ల అమరికే తర్వాత తిత్తి వాద్యానికి వచ్చింది. 1844లో కన్సర్టీనా మెరుగులకు ఇంకో పేటెంట్ తీసుకున్నారు. ఇందులో తిత్తి సాగదీసినా మూసినా ఒక బటన్‌కు ఒకటే స్వరం. మామూలు ట్రెబుల్ వాద్యానికి 48 బటన్లు, బటన్‌కు రెండు చొప్పున 96 రీడ్లు. మధ్య రెండు వరుసల్లో శుద్ధ స్వరాలు, అంచు వరుసల్లో షార్ప్‌లు, ఫ్లాట్‌లు. పాతవాటిలో బటన్ నెత్తి మీద స్వరం అక్షరం ముద్రించి ఉంటుంది. సి బటన్లు ఎర్రగా, షార్ప్-ఫ్లాట్ బటన్లు నల్లగా ఉంటాయి.

అరచేతి మీదుగా తోలు పట్టీ, దాని కింద చెక్క దిమ్మ, కుడి బొటనవేలికి గాలి వదిలే బటన్, సాగదీస్తే ఒక స్వరం మూస్తే మరో స్వరం: అది ఆంగ్లో. 20 బటన్లదానికి 40 రీడ్లు, 30 బటన్లదానికి 60 రీడ్లు, గాలి బటన్ అదనం. అరచేతి పట్టీ ఉండి, రెండు దిశల్లోనూ ఒకే స్వరం పలుకుతూ, ఎడమవైపు మంద్రం, కుడివైపు తారం ఉంటే డ్యూయెట్. డ్యూయెట్లలో బటన్ల అమరికే తేదీకి ఒక గట్టు వేస్తుంది: మకాన్ అమరికకు పేటెంట్ 1884లో, క్రేన్ అమరికకు 1896లో వచ్చింది. అంతకంటే పాతదని ఎవరైనా చెప్తే ఒప్పుకోనక్కర్లేదు. క్రేన్ అమరికనే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ ట్రయంఫ్ అన్న పేరుతో వాడింది. ఆ పేరు కనబడితే యజమానుల వేట ఎటు సాగాలో కూడా తెలిసినట్టే.

జర్మన్ కన్సర్టీనా వేరే వంశం. 1834లో కెమ్నిట్జ్ పట్టణంలో కార్ల్ ఫ్రీడ్రిష్ ఊలిగ్ మొదలుపెట్టింది. విప్పగానే తేడా తెలుస్తుంది: పొడవాటి ఒకే లోహపు పలక మీద అనేక రీడ్లు వరుసగా రివెట్ చేసి ఉంటాయి. లండన్ పనిలో ప్రతి రీడుకూ విడి ఇత్తడి చట్రం ఉంటుంది.

భుజాలు కూడా లెక్కపెట్టండి. ఆరు భుజాలు మామూలు. పన్నెండు భుజాలుంటే లండన్ తయారీదారులు లాషనాల్ వారి ఎడియోఫోన్ మోడల్. ఎనిమిది భుజాలుంటే వీట్‌స్టన్ వారి ఏయోలా కావచ్చు. అది 20వ శతాబ్దం మొదలయ్యే రోజుల మోడల్.

విప్పకముందు

మెత్తని గుడ్డ పరిచిన బల్ల, పక్క వెలుతురు ఇచ్చే దీపం, స్కేలు, ఫోను కెమెరా, పెన్సిలు, రెండు మందపాటి అట్టలు కావాలి. ఒక్కో అట్టకు ఆరు రంధ్రాలు షడ్భుజిలా పొడిచి, ఒకదానిమీద ఎడమ, ఇంకోదానిమీద కుడి అని రాయండి. ఏ బోల్టు ఏ రంధ్రంలోదో ఆ అట్టలోనే ఉండాలి. పాత బోల్టులు చేత్తో మర కోసినవి. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే మర చెడుతుంది, లోపలి నట్టు పలక ఊడుతుంది.

విప్పే ముందు ఈ ఫొటోలు తీసుకోండి: రెండు చివరలు నిటారుగా, ఆరు పక్కలు, సాగదీసిన తిత్తి నాలుగు వైపుల నుంచి, లేబుళ్లు, నంబరు, పట్టీల స్క్రూలు, పెట్టె లోపలా బయటా. లేబుల్ మీద వెలుతురు ఏటవాలుగా పడితే వెలిసిపోయిన అచ్చు కూడా కనబడుతుంది. లేబుల్‌ను తడి గుడ్డతో తుడవొద్దు. సిరా పోతుంది, మళ్లీ రాదు.

అప్పుడే శ్రుతి కూడా కొలిచి రాయండి. దాని సంగతి కింద చెప్తాం.

విప్పడం

స్క్రూడ్రైవర్ మొన బోల్టు గాడిలో మందంలోనూ వెడల్పులోనూ సరిగ్గా కూర్చోవాలి. మామూలుగా దొరికే మొనలు మందంగా ఉంటాయి. ఆకురాయితో పల్చన చేసుకుంటేనే గాడి అంచులు చితకవు. ఒక బోల్టు పావు చుట్టు వదులు చేసి, దానికి ఎదురుగా ఉన్నదానికి వెళ్లండి. అలా అన్నీ వదులయ్యాకే పూర్తిగా తీయాలి. ఒక పక్కే ముందు విప్పేస్తే చివరి పలక మీద వంపు బలం పడి జాలీ చెక్కడం పగులుతుంది.

బోల్టు కదలకపోతే నూనె వేయొద్దు. చెక్క తాగేస్తుంది, మరక మిగులుతుంది, బోల్టు మాత్రం రాదు. సోల్డరింగ్ ఐరన్ కొనను బోల్టు నెత్తికి కొన్ని సెకన్లు ఆనించి, చల్లారనిచ్చి, మళ్లీ ప్రయత్నించండి. వేడికి లోహం సాగి ముడుచుకోవడంతో పట్టు వదులుతుంది. బోల్టు తిరుగుతూనే ఉండి పైకి రాకపోతే లోపలి నట్టు పలక ఊడిందని అర్థం. చివరి భాగాన్ని సున్నితంగా బయటికి లాగి పట్టుకుని తిప్పితే సాధారణంగా వస్తుంది.

బోల్టులు వచ్చాక చివరి భాగం మొత్తాన్ని, అంటే జాలీ పలక, దాని కింది యాక్షన్ పెట్టె (బటన్లు, లీవర్లు, ప్యాడ్లు ఉండేది) కలిపి, ఒకేసారి ఎత్తండి. జాలీ పలక ఒక్కటే ఎత్తితే బటన్లన్నీ తలోదిక్కూ వాలిపోతాయి. తిరిగి 24 బటన్లను ఒకేసారి 24 రంధ్రాల్లోకి ఎక్కించడం మొదటిసారి విప్పేవారి పని కాదు. యాక్షన్ పెట్టె తీయగానే తిత్తి నోట్లో రీడ్ పలక కనబడుతుంది. దాని మధ్యలో రంధ్రం ఉంటుంది. రీడ్లకు తగలకుండా వేలు అందులో పెట్టి మెల్లగా పైకి లాగండి. అంతకు ముందే పలక అంచు మీదా తిత్తి చట్రం మీదా ఎదురెదురుగా గుర్తు ఉందో లేదో చూడండి. లేకపోతే అంటుకాగితం ముక్కలతో గుర్తు పెట్టండి, ఇంకుతో కాదు. రీడ్ పలక ఒకే దిశలో కూర్చోవాలి. ఒక భుజం తేడాగా పెడితే రీడ్ గదులు ప్యాడ్ రంధ్రాల కిందకు రావు. స్వరాలు మూగబోతాయి, లేదా తప్పు స్వరాలు పలుకుతాయి.

రీడ్ నాలుకలను వేలితో ముట్టుకోవద్దు. చెమటకు ఉక్కు తుప్పు పడుతుంది.

లోపల ఏం చూడాలి

మొట్టమొదట నంబరు. వీట్‌స్టన్, లాషనాల్ వాద్యాల్లో ఒక వైపు జాలీలో అండాకారపు కిటికీలో తయారీదారు పేరు, రెండో వైపు కిటికీలో నంబరు ఉంటాయి. బయటి నంబరు కాగితం మీదిదైతే ఊడిపోవచ్చు, మార్చి అంటించవచ్చు. కాబట్టి అదే నంబరు లోపల చెక్క మీద ముద్ర వేసి ఉందేమో వెతకండి: రెండు యాక్షన్ బోర్డులు, రెండు రీడ్ పలకలు, తిత్తి రెండు చట్రాలు. ఎన్ని చోట్ల దొరికిందో, ఎక్కడ లేదో పట్టికలా రాయండి. అన్నిచోట్లా ఒకటే ఉంటే వాద్యం పుట్టినప్పటి శరీరంతోనే ఉంది. ఎడమ భాగాలకు ఒక నంబరు, కుడి భాగాలకు ఇంకో నంబరు ఉంటే రెండు వాద్యాలు కలిపి ఒకటి చేశారు. రీడ్ పలకలకు ఒకటే నంబరు ఉండి తిత్తి చట్రానికి ఏమీ లేకపోతే తిత్తి తర్వాత వేసినది. నంబర్లు కలవకపోతే కంగారు పడనక్కర్లేదు. వాద్యం జీవితంలో ఏ మలుపు ఎక్కడ జరిగిందో అదే చెప్తోంది. అప్పుడు రీడ్లు ఉన్న భాగం నంబరునే ప్రధానంగా పట్టుకుని వేట సాగించాలని మా అభిప్రాయం, ఎందుకంటే వాద్యం గొంతు అక్కడుంది.

లండన్ తయారీదారులు జెఫ్రీస్ వారి వాద్యాల్లో ఈ పద్ధతి పనిచేయదు. వాటికి వరుస నంబర్లు లేవు. లోపల కనబడే ఒకటి రెండు అంకెల ముద్ర, పనిశాలలో భాగాలు కలగలిసిపోకుండా వేసుకున్న గుర్తు మాత్రమే. దాన్ని తయారీ సంఖ్య అనుకుని తేదీ కట్టేవాళ్లు చాలామంది.

తర్వాత యాక్షన్. బటన్ నొక్కితే ఇత్తడి లీవర్ ఒక చిన్న స్తంభం మీద ఊగి, అవతలి కొసనున్న ప్యాడును రంధ్రం మీంచి ఎత్తుతుంది. స్ప్రింగు దాన్ని తిరిగి మూస్తుంది. లీవర్‌కూ స్తంభానికీ మధ్య కీలు ఎలా ఉందో చూడండి. లీవర్‌ను స్తంభానికి రివెట్‌తో బిగించి ఉంటే వీట్‌స్టన్, జెఫ్రీస్, క్రాబ్ వారి మంచి పని కావచ్చు. లీవర్ ఒక కొక్కెం లాంటి స్తంభంలో ఊరికే ఆని ఉంటే లాషనాల్ పద్ధతి. అయితే 20వ శతాబ్దం నడుమ వీట్‌స్టన్ పేరుతో వచ్చిన చవక వాద్యాల్లోనూ కొక్కెం పద్ధతి ఉంది, కాబట్టి ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పొద్దు.

రీడ్ పలక తిప్పి చూడండి. గదుల గోడలు మధ్య నుంచి అంచులకు సూర్యకిరణాల్లా పరుచుకుని ఉన్నాయా, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా? ఇంగ్లీష్ వాద్యాల్లో కిరణాల అమరిక మామూలు. ఆంగ్లోల్లో జెఫ్రీస్ వారిది సమాంతరం. వీట్‌స్టన్ ఆంగ్లోల్లో కిరణాల అమరిక కనబడుతుంది. జెఫ్రీస్ అని ముద్ర ఉండి లోపల కొక్కెం యాక్షన్ ఉందంటే ఆ ముద్రను గట్టిగా అనుమానించాలి. జెఫ్రీస్ పేరుకు ధర ఎక్కువ, ముద్ర కొట్టడం తేలిక.

ప్రతి రీడూ ఇత్తడి చట్రంలో, రెండు స్క్రూల చిన్న పట్టీ కింద బిగించిన నాలుకగా ఉంటుంది. చట్రం పలకలోని ఏటవాలు గాడిలోకి జారి కూర్చుంటుంది. గాడి పక్కన స్వరం అక్షరం ముద్రించి ఉంటుంది. చట్రం మీద అక్షరమూ గాడి పక్క అక్షరమూ కలవకపోతే ఎవరో రీడు మార్చారు, లేదా చోటు మార్చారు. నాలుక ఇత్తడిదా ఉక్కుదా చూడండి. తొలినాటి వాద్యాల్లోనూ చవక రకాల్లోనూ ఇత్తడి నాలుకలు ఉంటాయి, గొంతు మెత్తన. ఉక్కు రీడ్లని తయారీదారులు లేబుల్ మీద గొప్పగా వేసుకున్న కాలం తర్వాతిది. ఒకే వాద్యంలో నాలుగైదు ఉక్కు నాలుకలు, మిగతావి ఇత్తడివి అయితే ఆ నాలుగైదూ మరమ్మతులు. చట్రం అల్యూమినియందైతే వాద్యం విక్టోరియా కాలానిది కాకపోవచ్చు.

తిత్తి మడతలు లెక్కపెట్టండి. పాతవాటికి నాలుగు లేదా ఐదు, తర్వాతి మంచివాటికి ఆరు, ఇంకా తర్వాత ఏడు కూడా. మడతల మీద అంటించిన అచ్చు కాగితాలు అరిగిపోయి, చివరి పలక మాత్రం కొత్తగా మెరుస్తుంటే పలకకు పాలిషో నికెల్ పూతో తర్వాత వేశారు. కాగితాలు కొత్తగా ఉండి పట్టీ కింది చెక్క అరిగి ఉంటే తిత్తి మార్చారు. తిత్తి లోపలికి దీపం వేసి చూడటం మరవొద్దు. మరమ్మతు చేసినవాళ్లు అక్కడ, రీడ్ పలక అడుగున, యాక్షన్ బోర్డు మీద పెన్సిలుతో తేదీ, పేరు, ఊరు రాసిపెట్టడం ఉంది. ఆ ఒక్క గీత కోసమే విప్పినా శ్రమ వృథా కాదు. రీడ్ల దగ్గర గాలిని ఒక దిశలోనే వదిలే తోలు రెక్కలు, ప్యాడ్లు ఎన్ని రంగుల్లో, ఎన్ని మందాల్లో ఉన్నాయో చూస్తే ఎన్నిసార్లు పని జరిగిందో అంచనా వస్తుంది.

బటన్లు ఎముకవా, దంతపువా, లోహపువా? ఎముకలో సన్నని నల్లటి చుక్కలు, చిన్న గీతలు కనబడతాయి. దంతంలో ఒకదానినొకటి దాటే సన్నని వంపు రేఖలు ఉంటాయి కానీ అంత చిన్న బటన్ నెత్తి మీద అవి కనబడకపోవచ్చు. పది రెట్ల భూతద్దం వాడండి. కాల్చిన సూది గుచ్చి చూడటం మాత్రం వద్దు. బ్రిటన్‌లో ఈ తేడాకు చట్టపరమైన బరువుంది: 2018 నాటి దంతపు చట్టం 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. 1975కు ముందు తయారై, దంతం 20 శాతం కంటే తక్కువున్న సంగీత వాద్యాలకు మినహాయింపు ఉన్నా, అమ్మే ముందు నమోదు చేయించాలి. తయారీ తేదీని చూపించే మీ పట్టికా ఫొటోలూ అక్కడ నేరుగా అక్కరకొస్తాయి. దేశం దాటించాలంటే వన్యప్రాణి వ్యాపారపు అంతర్జాతీయ నిబంధనలు వేరుగా వర్తిస్తాయి.

శ్రుతి కూడా సాక్ష్యమే

ఇది చాలామంది వదిలేసే భాగం, కానీ వాద్యం ఎవరైనా ముట్టుకున్నారా లేదా అన్నది దీనంత బాగా మరేదీ చెప్పదు. ఫోనులో శ్రుతి కొలిచే యాప్ పెట్టుకుని, 'ఏ' (A) స్వరం 440 హెర్ట్జ్‌గా ఉంచి, ప్రతి బటన్‌నూ సాగదీస్తూ ఒకసారి, మూస్తూ ఒకసారి, ఒకే మోతాదు ఒత్తిడితో వాయించండి. తేడాను సెంట్లలో (అర్ధస్వరంలో నూరో వంతుల్లో) పట్టిక వేయండి. ఒత్తిడి పెంచితే మంద్ర రీడ్ల శ్రుతి దిగుతుంది, అందుకే మోతాదు మారకూడదు.

ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం రెండో సగంలో చెలామణిలో ఉన్న ఎత్తు శ్రుతి 'ఏ' స్వరానికి సుమారు 452 హెర్ట్జ్. అది 440 కంటే దాదాపు 47 సెంట్లు పైన, అంటే అర్ధస్వరంలో సగానికి దగ్గర. మీ పట్టికలో అన్ని స్వరాలూ కాస్త అటూ ఇటూగా 40-50 సెంట్లు పైన ఉంటే ఆ వాద్యాన్ని నేటి శ్రుతికి ఎవరూ మార్చలేదు. ఇక్కడ జాగ్రత్త: లండన్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ 1896లో 439కి దిగినా, బ్యాండ్లు ఎత్తు శ్రుతిని ఇంకా దశాబ్దాల పాటు పట్టుకునే ఉన్నాయి. 452 ఉందని 1896కు ముందుదని రాసేయకూడదు. నేటి 440 మీద అంతర్జాతీయ ఒప్పందం 1939లో కుదిరింది.

వాద్యం 440లో ఉంటే నాలుకలను భూతద్దంలో చూడండి. నాలుక కొన దగ్గర గీరితే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. మొదలు దగ్గర గీరితే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. దాదాపు అన్ని నాలుకలకూ మొదట్లో కొత్త మెరుపు గీతలుంటే పాత ఎత్తు శ్రుతి నుంచి దించారు. మొదట్లో మరీ పల్చనైన నాలుకలు గట్టిగా వాయిస్తే శ్రుతి తప్పుతాయి, త్వరగా విరుగుతాయి. కొనేవారికి ఈ సంగతి ధర కంటే ముఖ్యం.

ఇంకొక సూక్ష్మం. ఇంగ్లీష్ కన్సర్టీనాలో అష్టకానికి 12 కాదు, 14 బటన్లు: డి షార్ప్ వేరు, 'ఈ' (E) ఫ్లాట్ వేరు, జి షార్ప్ వేరు, 'ఏ' (A) ఫ్లాట్ వేరు. తొలినాటి మీన్‌టోన్ శ్రుతిలో (అర్ధస్వరాలు సమానంగా ఉండని పాత పద్ధతిలో) ఈ జంటల మధ్య సుమారు 41 సెంట్ల తేడా ఉండేది, ఫ్లాట్ స్వరమే పైన. మీ వాద్యంలో ఆ తేడా ఇంకా నిలిచి ఉంటే తొలి శ్రుతి మీ చేతిలో ఉంది. అలాంటిదాన్ని సమశ్రుతికి (12 అర్ధస్వరాలూ సమానంగా ఉండే నేటి పద్ధతికి) గీకించే ముందు పట్టికను ఈ శ్రుతులు తెలిసిన మరమ్మతుదారుకు చూపించండి. గీకిన లోహం తిరిగి రాదు.

లేబుల్ చిరునామా

వీట్‌స్టన్ వారి లేబుల్ మీద 20 కాండ్యుయిట్ స్ట్రీట్ ఉంటే సుమారు 1905కు ముందు. వెస్ట్ స్ట్రీట్, చేరింగ్ క్రాస్ రోడ్ ఉంటే ఆ తర్వాత. లూయీ లాషనాల్ స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పనిముట్ల నిపుణుడు. మొదట వీట్‌స్టన్‌కే వాద్యాలు చేసిపెట్టి, 1858లో సొంత సంస్థ పెట్టుకున్నారు, 1861లో చనిపోయారు. తర్వాత భార్య ఎలిజబెత్ దాన్ని నడిపారు, 1870ల నుంచి లాషనాల్ అండ్ కంపెనీ అన్న పేరు వచ్చింది, 1933లో మూతపడింది. అందుకే లేబుల్ మీద లూయీ లాషనాల్ అనుందా, లాషనాల్ అండ్ కంపెనీ అనుందా అన్నది పట్టించుకోవాలి. చిరునామా లిటిల్ జేమ్స్ స్ట్రీట్. 1850ల వీట్‌స్టన్ వాద్యంలో లాషనాల్ చేతి పని కనబడటంలో వింత లేదు. క్రాబ్ కుటుంబం క్లర్కెన్‌వెల్‌లో మొదలై, తర్వాత ఇజ్లింగ్టన్‌లోని 158 లివర్‌పూల్ రోడ్డులో 1989 దాకా పనిచేసింది. జెఫ్రీస్ వారి ముద్రలో ప్రేడ్ స్ట్రీట్ చిరునామా ఉందా లేదా, బ్రదర్స్ అన్న మాట ఉందా అన్నదే కాలానికి ఆధారం.

లేబుల్ మీద తెలియని అంగడి పేరుంటే అది తయారీదారు అనుకోకండి. ఎందరో అమ్మకందార్లు లాషనాల్ వాద్యాల మీద తమ పేరు వేయించుకున్నారు. అయినా ఆ పేరు వృథా కాదు: వాద్యం మొదట ఏ ఊళ్లో అమ్ముడైందో అదే చెప్తుంది.

లాషనాల్ లెక్కల పుస్తకాలు మిగల్లేదు. నంబరును బట్టి వేసే తేదీలన్నీ అంచనాలే, వాటికి ముందు "సుమారు" తప్పకుండా రాయాలి. ఇంగ్లీష్ వాద్యాలకూ ఆంగ్లోలకూ వేర్వేరు నంబరు వరుసలు నడిచాయి. ఆంగ్లోలవి 2,00,000 దాకా వెళ్తే, ఇంగ్లీష్‌వి దాదాపు 60,000 దగ్గర ఆగాయి. 40,000 నంబరు ఆంగ్లోదైతే ఒక కాలం, ఇంగ్లీష్ వాద్యానిదైతే దశాబ్దాల తర్వాతి కాలం. రకం ముందు తేల్చమన్నది ఇందుకే.

వీట్‌స్టన్ లెడ్జర్లు చదవడం

యజమానుల చరిత్రకు అసలు గని ఇదే. వీట్‌స్టన్ సంస్థ లెక్కల పుస్తకాలు లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి; పుటలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. 1830ల చివరి నుంచి 1870 దాకా అమ్మకాల పుటల్లో తేదీ, వాద్యం నంబరు, కొన్నవారి పేరు, ధర ఉంటాయి. 1910 నుంచి 1974 దాకా ఉన్నవి తయారీ లెక్కలు: తేదీ, నంబరు, మోడల్ వివరం. వీటిలో కొన్నవారి పేరు కోసం వెతకొద్దు. 1890ల నుంచి 1910 దాకా పుస్తకాలు లేవు. ఆ మధ్యవాటికి ముందూ వెనకా తేదీ తెలిసిన నంబర్ల మధ్య అంచనా వేయాలి.

మీ నంబరు ఒక్కసారి దొరకగానే ఆగిపోకండి. అదే నంబరు ఏళ్ల తేడాతో రెండు మూడు చోట్ల రావచ్చు: అద్దెకిచ్చి వెనక్కి తీసుకున్నవి, మార్పిడిలో వచ్చినవి, బాగుచేసి మళ్లీ అమ్మినవి అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కో నమోదు ఒక్కో యజమాని కావచ్చు. మొదటి నమోదు దగ్గర ఆగితే చరిత్రలో మొదటి పేజీ దగ్గరే ఆగినట్టు. తర్వాతి ఏళ్ల పుటలు కూడా ఓపికగా తిప్పండి.

చేతిరాతలో 1, 7, 3, 8, 5, 6 పొరపడటం మామూలు. నమోదైన పుటకు అటూ ఇటూ నాలుగైదు పుటలు చదివి ఆ గుమస్తా అంకెలు ఎలా రాస్తాడో పట్టుకోండి. ఇరుగుపొరుగు నంబర్లు ఏ తేదీల్లో అమ్ముడయ్యాయో చూడండి. మీది ఒక్కటే పదేళ్లు దూరంగా ఉంటే మీ చదువు తప్పు, లేదా అది మారు అమ్మకం. ధరలు పౌండ్లు, షిల్లింగులు, పెన్నీల్లో: పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, గినీ అంటే 21 షిల్లింగులు. తోటివారి ధర కంటే చాలా తక్కువ ఉంటే వ్యాపారికో, సంగీతం నేర్పేవారికో ఇచ్చిన తగ్గింపు కావచ్చు.

అదే అసలు చిక్కు. పుస్తకంలో పేరున్నవారందరూ యజమానులు కారు. గురువులు శిష్యుల కోసం కొన్నారు, అంగళ్లవాళ్లు తిరిగి అమ్మడానికి కొన్నారు. ఒకే పేరు నెలకు నాలుగైదు సార్లు కనబడితే ఆయన యజమాని కాదు, మధ్యవర్తి. అప్పటి ప్రసిద్ధ వాద్యకారుడు జూలియో రెగోండి పేరు కనబడగానే ఆయన వాయించిన వాద్యమే మా ఇంట్లో ఉందని అనుకోవడం సులువు. శిష్యుడికి ఇప్పించిన వాద్యమయ్యే అవకాశమే ఎక్కువ.

పేరు నుంచి మనిషి దాకా

పేరుకు ముందున్న మాటను అచ్చంగా అలాగే రాయండి: మిస్, మిసెస్, లేడీ, రెవరెండ్, కెప్టెన్. ఆ కాలపు పుస్తకాల్లో మహిళల పేర్లు వందల్లో ఉన్నాయి. మిస్ అన్నామె పెళ్లయ్యాక ఇంటిపేరు మారి తర్వాతి పత్రాల్లో దొరకదు. పెళ్లి నమోదులు కూడా వెతకాలి. ఇంగ్లండ్‌లో 1841 నుంచి పదేళ్లకోసారి వచ్చిన జనగణన పత్రాల్లో వయసు, వృత్తి, చిరునామా ఉంటాయి. 1858 నుంచి వీలునామాల జాతీయ సూచిక ఉంది. పట్టణ వ్యాపార డైరెక్టరీల్లో అంగళ్ల చిరునామాలు దొరుకుతాయి.

ఇంటిపేరు మాత్రమే ఉండి, అది అందరికీ ఉండేలాంటి పేరైతే అక్కడే ఆగండి. అదే పేరుతో ఒక ప్రముఖుడు దొరికాడని అతికించొద్దు. ఆ పేరు అరుదైనదై, చిరునామా గానీ బిరుదు గానీ కలిస్తే ముందుకు వెళ్లొచ్చు.

కింది చివర నుంచి, అంటే ఇప్పటి యజమాని నుంచి వెనక్కి కూడా నడవాలి. ఎవరి దగ్గర కొన్నారు, వారికెలా వచ్చింది, రసీదు ఉందా, వాద్యంతో పాత ఫొటో ఉందా? ఫొటో ఉంటే బటన్ల సంఖ్య, జాలీ నమూనా, పట్టీ స్క్రూల చోటు మీ వాద్యంతో పోల్చండి. ఉత్తర ఇంగ్లండ్‌లో కన్సర్టీనా బ్యాండ్లు ఉండేవి, మెక్స్‌బరో బ్యాండు వాటిలో పేరున్నది. బ్యాండు సామూహిక చిత్రాలు స్థానిక గ్రంథాలయాల్లో దొరుకుతాయి. పెట్టె మీది పేరును తొందరగా నమ్మకండి. వాద్యం పెట్టెలో కదలకుండా కూర్చుంటోందా, లోపలి గుడ్డ మీద బోల్టుల ఒత్తిడి గుర్తులు మీ వాద్యం బోల్టులకు సరిపోతున్నాయా చూడండి. పెట్టెలు వాద్యాల కంటే ఎక్కువగా చేతులు మారాయి.

రాసే పద్ధతి, తిరిగి బిగించడం

ప్రతి వాక్యం పక్కనా దాని బలం రాయండి. మేం మూడు మెట్లు వాడతాం. "రుజువు": లోపలి నంబరు, లెడ్జరు పుట, వస్తువు వివరం మూడూ కలిసినది. "బలమైన అవకాశం": రెండు కలిసినవి. "కుటుంబ కథనం": నోటిమాట. మూడోదాన్ని పారేయొద్దు, దాన్ని చెప్పినవారి మాటల్లోనే, ఎప్పుడు చెప్పారో తేదీతో రాయండి. రేపు ఎవరికైనా కొత్త పుట దొరికితే అదే రుజువుగా మారవచ్చు. నమూనాకు: "లెడ్జరులో ఫలానా తేదీన ఈ నంబరు మిస్ ఫలానా పేరున. రీడ్ పలకలు రెండింటికీ అదే నంబరు. తిత్తి చట్రానికి నంబరు లేదు, తిత్తి తర్వాతిది. 48లో 41 స్వరాలు 440 మీద, నాలుకల మొదళ్లలో కొత్త గీతలు. బలం: వాద్యం గుర్తింపు రుజువు, కొన్న మనిషి ఎవరన్నది బలమైన అవకాశం."

మార్చిన ప్యాడ్లు, పాత స్ప్రింగులు, విరిగిన నాలుకలను చిన్న కవర్లలో వేసి, ఏ స్వరానివో రాసి పెట్టెలో ఉంచండి. వాద్యం లోపల మీ పేరు రాయొద్దు. ఆమ్లం లేని కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి, ఒక నకలు వేరే చోట దాచండి.

తిరిగి బిగించేటప్పుడు రీడ్ పలక గుర్తుల ప్రకారం చట్రంలో సమానంగా దిగిందో లేదో వేలితో అంచుల చుట్టూ తడిమి చూడండి. బోల్టులు చేతి వేళ్లతో మొదలుపెట్టి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, పట్టు తగలగానే ఆపండి. ఇంకా బిగిస్తే గాలి కారడం ఆగదు, నట్టు పలక ఊడుతుంది. ఏ బటన్ నొక్కకుండా ఒక చివర పట్టుకుని రెండో చివర వేలాడనివ్వండి. తిత్తి మెల్లగా దిగితే సరే. దబుక్కున జారితే ఎక్కడో ప్యాడు సరిగా మూసుకోలేదు, లేదా రీడ్ పలక అంచు దగ్గర గాలి దూరుతోంది. విప్పకముందు ఇలా జారకపోయి ఇప్పుడు జారుతుంటే మళ్లీ విప్పి పలక దిశ చూడండి. భద్రపరిచేటప్పుడు తిత్తి మూసి, బటన్లు పక్కలకు ఉండేలా పడుకోబెట్టండి. చివర మీద నిలబెడితే ఒక వైపు తోలు రెక్కలు తమ బరువుకే వేలాడి వంకర తిరుగుతాయి.